పాత కార్ల సెల్ఫ్ తిరగకపోతే ముందు వైరు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత కార్ల ప్రదర్శన మీద వేసిన కథనం చదివాను. ఫొటోలు బాగా వచ్చాయి. ప్లిమత్ బానెట్ మీద ఉండే తెరచాప ఓడ బొమ్మను దగ్గర నుంచి తీసిన ఫొటో చూసి మా మనవలు కూడా పేపరు లాక్కున్నారు. అంతా బాగుంది గానీ, కథనం పక్కన బాక్సులో ఇచ్చిన రెండు సలహాలు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆరు వోల్టుల బ్యాటరీతో నడిచే పాత బళ్లు పుట్టుకతోనే బలహీనం, సెల్ఫ్ (ఇంజిన్‌ను స్టార్ట్ చేసే మోటారు) సరిగ్గా తిరగదు, పన్నెండు వోల్టులకు మార్చుకోవడమే దారి అన్నది ఒకటి. ప్రదర్శన దగ్గర బండి మొరాయిస్తే పక్కనున్న కొత్త కారు నుంచి జంపర్ వైర్లు తగిలించి స్టార్ట్ చేసుకోవచ్చు అన్నది రెండోది. మొదటిది డబ్బు దండగ. రెండోది ప్రమాదం. ఉత్తరం కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

నాది విజయవాడ. ఆటోనగర్‌లో వైరింగు, డైనమో (పాత బళ్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం), సెల్ఫ్ మోటార్ పని చేసుకుంటూ బతికినవాణ్ణి. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. వాడి దగ్గరకు వచ్చేవన్నీ స్కానర్ పెట్టి చూసే బళ్లు. ఎప్పుడైనా డైనమో బండి వస్తే "నాన్నా, మీ బండి వచ్చింది" అని ఫోన్ చేస్తాడు, నేను చెప్పులేసుకుని బయల్దేరతాను. నేను పని నేర్చుకునే రోజుల్లో వీటిని వింటేజీ అనేవాళ్లం కాదు, అవి మామూలు బళ్లే. షావుకార్ల ప్లిమత్‌లు, డాడ్జిలు, షెవర్లేలు, యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేస్తే డిస్పోజల్‌లో కొన్న జీపులు. ప్లిమత్, డాడ్జి, డిసోటో బళ్లను 1947 నుంచి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు బిగించేవారు కాబట్టి మన వైపు కూడా అవి బాగానే ఉండేవి. వాటి బ్యాటరీలు నల్ల రబ్బరు పెట్టెల్లో, పైన తారు పోసి, మూడు సెల్లులను కలిపే సీసం పట్టీలు బయటికే కనిపిస్తూ ఉండేవి.

ఆరు వోల్టులే బలహీనమైతే ప్రపంచం అన్నేళ్లు బళ్లు ఎలా నడిపిందండీ? అమెరికాలో షెవర్లే కార్లు 1954 మోడల్ దాకా ఆరు వోల్టులవే. ఫోర్డు, ప్లిమత్, డాడ్జి 1955 దాకా అవే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అయితే, అమెరికాకు పంపినవి కూడా, 1966 మోడల్ దాకా ఆరుతోనే నడిచింది. డెట్రాయిట్‌లో జనవరి చలి సంగతి తెలిసిందే కదా. ఇంజినాయిల్ చిక్కబడిపోతుంది, బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది. సెల్ఫ్ మోటారుకు అంతకంటే గడ్డుకాలం ఉండదు. అక్కడ పొద్దున్నే లేచి ఆఫీసుకు పోయేవాళ్లంతా ఆ ఆరు వోల్టులతోనే స్టార్ట్ చేసుకుని పోయారు. అదే బండి మన బెజవాడలో, ఆయిల్ నీళ్లలా ఉండే వాతావరణంలో తిరగలేదంటే తప్పు వోల్టులదా?

పన్నెండుకు మారడానికి వేరే కారణాలున్నాయి. 1950లలో ఎక్కువ కంప్రెషన్ ఉండే పెద్ద వీ8 ఇంజిన్లు వచ్చాయి, వాటిని తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. రేడియోలు, హీటర్లు, కరెంటుతో దిగే అద్దాలు వచ్చాయి. పైగా పన్నెండు వోల్టులకు సన్నటి వైరు సరిపోతుంది, కంపెనీకి రాగి మిగులుతుంది. అంతే. పాత చిన్న కంప్రెషన్ ఇంజిన్‌కు ఆరు వోల్టులు చాలక మార్చారన్నది మన మెకానిక్కులు చెప్పుకునే మాట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

అసలు లెక్క చెబుతాను. సెల్ఫ్ మోటారుకు కావలసిన బలం ఒకటే అనుకుంటే, వోల్టులు సగమైనప్పుడు ఆంపియర్లు రెట్టింపు కావాలి. పన్నెండు వోల్టుల మీద 100 ఆంపియర్లు లాగే పనికి ఆరు వోల్టుల మీద 200 లాగాలి. అదే లావు వైరులో రెట్టింపు కరెంటు పోతే, దారిలో పోయే వోల్టేజి కూడా రెట్టింపు. ఆ పోయినదాన్ని మొత్తం పన్నెండులో కాక ఆరులో లెక్కగట్టాలి కాబట్టి నష్టం నాలుగు రెట్లు. మా కృష్ణా డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాలువకు వాలు తక్కువైతే అన్ని నీళ్లూ పారాలంటే వెడల్పు పెంచాలి.

అంకెల్లో చూడండి. 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రెండు మీటర్లు తీసుకుంటే, 200 ఆంపియర్ల దగ్గర దాదాపు అర వోల్టు ఆ వైరులోనే పోతుంది. ఆరు వోల్టుల బండికి అది నూటికి ఎనిమిది. అదే పొడవు 70 స్క్వేర్ ఎంఎం వైరు అయితే పోయేది 0.1 వోల్టు. ఇది ఒట్టి వైరు లెక్క. దీనిపైన క్లాంపులు, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు తొడుగులు), స్విచ్చి, ఎర్త్ (కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి) అతుకులు ఒక్కోటి కాస్త కాస్త తింటాయి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మంచి బ్యాటరీ కూడా అయిదు వోల్టుల దగ్గరికి దిగుతుంది. అందులోంచి దారిఖర్చు ఒకటిన్నర పోతే ఇగ్నిషన్ కాయిల్‌కు మిగిలేదెంత? మూడున్నర. ఆ మూడున్నరతో ప్లగ్గు దగ్గర నిప్పు సరిగ్గా పడదు. అందుకే ఈ బళ్లు సెల్ఫ్ కొడితే రావు, నలుగురు తోస్తే వెంటనే అందుకుంటాయి. తోసేటప్పుడు సెల్ఫ్ కరెంటు లాగదు, కాయిల్‌కు పూర్తి ఆరు వోల్టులూ అందుతాయి. ఎవరైనా "తోస్తే చక్కగా వస్తుందండీ, సెల్ఫ్‌కే రాదు" అన్నారంటే నేను కార్బురేటర్ జోలికి పోను, నేరుగా వైర్లు చూస్తాను.

ఇక్కడే మన దుకాణాల సంగతి చెప్పాలి. బ్యాటరీ వైరు కావాలని అడిగితే రెండువైపులా క్లాంపులు బిగించిన రెడీమేడ్ వైరు చేతిలో పెడతారు. అది పన్నెండు వోల్టుల కారు కోసం చేసినది. చూడ్డానికి బొటనవేలంత లావుంటుంది. కోసి చూస్తే లోపల రాగి చిటికెనవేలంత కూడా ఉండదు, మిగతాదంతా ప్లాస్టిక్కు. ఈ మధ్య ఇంకో వేషం వచ్చింది. ఏలూరు నుంచి ఒక ప్లిమత్ వచ్చింది, యజమాని కొత్త వైర్లు వేయించుకునే వచ్చాడు. ఎర్రటి తొడుగు, మెరిసే లగ్గులు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఒక రౌండు తిరిగి మూలుగుతూ ఆగిపోతోంది. వైరు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. చివర కత్తిరించి రెండు పోగులు బ్లేడుతో గీకాను. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన రకం అది. రాగి మోసే కరెంటులో మూడింట రెండు వంతులు కూడా అది మోయలేదు. పైగా అల్యూమినియం లగ్గులో నొక్కుకుపోయి కొన్నాళ్లకు వదులవుతుంది, గాలి తగిలి పైన పొర కడుతుంది, అతుకు వేడెక్కుతుంది. కొన్న దుకాణం వాణ్ణి అడిగితే "లోపల ఏముందని ఎవరూ అడగరండీ" అన్నాడట. తొడుగు మీద సైజు అచ్చువేయని వైరు, లోపల ఏ లోహమో రాయని వైరు అమ్మడం మానితే మా పని సగం తగ్గుతుంది. కొనేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలియదు, రాగీ అంటుకోదు, అల్యూమినియమూ అంటుకోదు. బ్లేడుతో గీకడం ఒక్కటే పద్ధతి. చేతిలో పట్టి చూసినా కాస్త తెలుస్తుంది, రాగి బరువు వేరు.

నేను వేసేది వెల్డింగ్ వైరు. వెల్డింగు సామాన్ల కొట్లో 50, 70 స్క్వేర్ ఎంఎం అని అడిగితే మీటరు లెక్కన కోసి ఇస్తారు. వెంట్రుకల్లాంటి సన్న పోగులు వందల కొద్దీ ఉంటాయి, ఎలా వంచితే అలా వంగుతుంది, ఇంజిన్ అదురుకు తెగదు. అందులోనూ అల్యూమినియం రకం అమ్ముతున్నారు, కాబట్టి బ్లేడు జేబులో ఉండాలి. జీపుకు, చిన్న ఇంజిన్లకు 50 చాలు. ప్లిమత్, షెవర్లే లాంటి ఆరు సిలిండర్ల బళ్లకు 70 వేస్తాను. లగ్గు నొక్కడానికి పెద్ద క్రింపింగ్ మిషన్ ఉండాలి. సుత్తితో కొట్టి అణచిన లగ్గు పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల పోగుల మధ్య గాలి ఉంటుంది. మిషన్ దొరకకపోతే లగ్గులో సీసం నింపించండి, సుత్తి పని కంటే నయం. ఇక రెండు స్క్రూలతో పైపట్టీ బిగించే క్లాంపులుంటాయి చూశారూ, రోడ్డు మీద చెడిపోతే ఇంటికి చేరడానికి పనికొస్తాయి, అంతవరకే. ఆ పట్టీ కింద పచ్చటి చిలుము పట్టని బండి నేను చూడలేదు.

పాజిటివ్ ఎర్త్ బళ్లలో, అంటే బ్యాటరీ ప్లస్‌ను బండి ఇనుముకు కలిపిన బళ్లలో, ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది గమనించరు. బ్యాటరీ మీద ప్లస్ పోస్టు లావుగా, మైనస్ పోస్టు ఒకటిన్నర మిల్లీమీటరు సన్నగా ఉంటాయి. తారుమారుగా తగిలించకుండా పెట్టిన ఏర్పాటు అది. ఇప్పటి కార్లన్నీ మైనస్ ఎర్త్ కాబట్టి బజార్లో దొరికే ఎర్త్ వైరుకు సన్న క్లాంపే ఉంటుంది. ప్లిమత్, డాడ్జి, పాత ఫోర్డు బళ్లలో ఎర్త్ అయ్యేది ప్లస్. ఆ సన్న క్లాంపు లావు పోస్టులోకి దిగదు. మెకానిక్ ఏం చేస్తాడు? స్క్రూడ్రైవర్ దూర్చి క్లాంపును వెడల్పు చేస్తాడు, లేదంటే కత్తితో పోస్టు చెక్కుతాడు. చెక్కిన పోస్టుకు క్లాంపు రెండు మూడు చోట్ల మాత్రమే ఆనుతుంది. రెండొందల ఆంపియర్లు ఆ రెండు మూడు చుక్కల్లోంచే పోవాలి. అటువైపు మైనస్ పోస్టుకు లావు క్లాంపు వదులుగా పడితే సందులో రేకు ముక్క దూరుస్తారు. కొత్త బ్యాటరీ, కొత్త వైరు వేసినా సెల్ఫ్ తిరగకపోవడానికి ఇది చాలు. విడి క్లాంపులు దొరుకుతాయి, ఏ పోస్టుకు ఏది కావాలో చూసి లగ్గు పద్ధతిలో బిగించుకోండి.

అన్నట్టు ఆరు వోల్టులన్నీ పాజిటివ్ ఎర్త్ కావు. షెవర్లే మైనస్ ఎర్త్, విల్లీస్ జీపూ మైనస్ ఎర్తే, బీటిల్ కూడా అంతే. బండి ఏదో చూసి, పాత వైరింగు బొమ్మ చూసి తగిలించాలి గానీ అలవాటు ప్రకారం కాదు.

తెనాలి వైపు నుంచి వచ్చిన జీపు సంగతి చెబితే ఎర్త్ ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. యుద్ధకాలం నాటి విల్లీస్, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. యజమాని రైతు, వాళ్ల తాతగారు డిస్పోజల్‌లో కొన్న బండి. ముచ్చటపడి ఛాసిస్ దాకా ఊడదీసి, ఇసుక కొట్టించి, మిలిటరీ ఆకుపచ్చ రంగు దట్టంగా వేయించాడు. రంగు పడ్డ దగ్గర్నుంచి సెల్ఫ్ తిరగడం మానేసింది. కాలితో స్విచ్చి నొక్కితే గుర్రు గుర్రుమని ఆగిపోతుంది. బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటారు వైండింగు చేయించాడు, కార్బన్లు, బుష్‌లు వేయించాడు. చివరికి ఎవరో పన్నెండుకు మార్చేయమన్నారట. "ఇంకేం మిగల్లేదండి మేస్త్రీ గారూ, వోల్టులు మార్చడం ఒక్కటే మిగిలింది" అన్నాడు పాపం.

మీటరు తీశాను. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే కాయిల్ వైరు పీకేసి, ఇంజిన్ అందుకోకుండా చేసి, అతన్ని స్విచ్చి తొక్కమన్నాను. మీటరు ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, అచ్చంగా సీసపు పోస్టు మధ్యలో. రెండో పుల్ల సెల్ఫ్ మోటారు బోల్టు మీద. 0.4 చూపించింది. ఎక్కువే, కానీ ప్రాణం పోయేంత కాదు. కాలి స్విచ్చి విప్పితే లోపలి రాగి బిళ్ల కాలి గుంటలు పడి ఉంది, అది ఎమెరీతో రుద్దితే సరిపోయింది. తర్వాత పుల్లలు ఎర్త్ వైపు పెట్టాను. ఒకటి మైనస్ పోస్టు మీద, ఒకటి సెల్ఫ్ మోటారు బాడీ మీద. 1.4 వోల్టులు! సెల్ఫ్‌కు చేరాల్సిందాంట్లో పావు వంతు పైచిలుకు అక్కడే ఆవిరి. ఈలోగా అతను డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి టక్కున వెనక్కు తీశాడు. చోక్ వైరు కాలుతోంది.

కారణం చాలా మామూలుది. పాత బండిలో ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, రబ్బరు కరెంటు పోనివ్వదు, ఆ పట్టీయే దారి. రంగు వేయించేటప్పుడు చినిగిపోయిన ఆ పట్టీని ఎవరో చెత్తలో పారేశారు. ఇక సెల్ఫ్ కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి దొరికిన దారి చోక్ వైరు, యాక్సిలరేటర్ కడ్డీ. అందుకే అవి కాలాయి. ఇంకోటి, బ్యాటరీ ఎర్త్ బోల్టును కొత్త రంగు మీదే బిగించారు. బోల్టు విప్పి చూస్తే కింద రంగు చెక్కుచెదరకుండా నున్నగా మెరుస్తోంది, దాని కింద ప్రైమర్. ఆ రెండు రూపాయి బిళ్లలంత మేర ఇనుము తెల్లగా వచ్చేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజలిన్ పూశాను. కొత్త అల్లిక పట్టీ ఇంజిన్‌కు వేశాను. మళ్లీ మీటరు పెడితే 0.1. సెల్ఫ్ కొడితే జీపు ఒక్క గుటకలో అందుకుంది. ఆ బండికి పెట్టిన బ్యాటరీ, వైండింగు ఖర్చంతా వృథా. అసలు అవసరమైనవి ఒక పట్టీ, కాస్త ఎమెరీ కాగితం.

నేను చెప్పిన ఈ మీటరు పద్ధతి ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, మూడు నాలుగొందల మీటరు చాలు. ఆరు వోల్టుల బండిలో లైను వైపు (బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా) 0.2, ఎర్త్ వైపు 0.2 మించితే ఆ దారిలో ఒక్కో అతుకూ విడిగా చూడాలి. పోస్టుకూ క్లాంపుకూ మధ్య, క్లాంపుకూ వైరుకూ మధ్య, స్విచ్చి రెండు బోల్టుల మధ్య. ఎక్కడ అంకె లేస్తే అక్కడ దొంగ ఉన్నట్టు. మీటరు లేకపోతే సెల్ఫ్ కొట్టిన వెంటనే అతుకులు చేత్తో తడిమి చూడండి, వెచ్చగా ఉన్నది చెడ్డది. బ్యాటరీ కూడా చూడాలనుకోండి. నిండుగా ఛార్జ్ అయి, కాసేపు ఊరికే ఉంచాక 6.3 దగ్గర ఉండాలి. ఆరు వోల్టుల బ్యాటరీలో సెల్లులు మూడే. ఒకటి చచ్చిందంటే మూడో వంతు పోయినట్టు, సర్దుకునే వీలుండదు. గ్రావిటీ, అంటే సెల్లులోని యాసిడ్ చిక్కదనం, మన ఎండలకు 1240 దగ్గర ఉంటే చాలు. మూడు సెల్లుల్లో ఒకటి మాత్రం బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు. పోస్టుల మీద తెల్లటి చిలుముకు వంటసోడా కలిపిన వేడినీళ్లు, అది సెల్లు లోపలికి మాత్రం పోకూడదు.

వేసవిలో ఇంకో ఫిర్యాదు వస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే వస్తుంది, మధ్యాహ్నం ఊరు తిరిగొచ్చి ఆపి, పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే తిరగదు. రాగి 40 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు ఆరో వంతు పెరుగుతుంది. సెల్ఫ్ లోపలి వైండింగుకు, వైరుకు కూడా ఇదే వర్తిస్తుంది. వైరు ముందే సన్నదైతే పొద్దున బొటాబొటీగా తిరిగింది మధ్యాహ్నం చేతులెత్తేస్తుంది. లావు వైరు వేశాక ఈ రోగం చాలా బళ్లలో మాయమవుతుంది. సెల్ఫ్ జోరుగానే తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే మాత్రం అది వేరే జబ్బు. పెట్రోలు పంపులో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది, తడిగుడ్డ వేసి చల్లార్చాలి. రెండిటినీ కలిపి ఆరు వోల్టుల మీద తోసేస్తారు మనవాళ్లు.

పన్నెండుకు మార్చినవాళ్లు బాగుందనే అంటారు, నిజమే. పాత సెల్ఫ్ మోటారు పన్నెండు మీద ఉరుకుతూ తిరుగుతుంది. ఆ ఉరుకులోనే ఉంది అనర్థం. బెండిక్స్ పినియన్ (సెల్ఫ్ చివర ఉండే చిన్న పళ్ల చక్రం) ఇంజిన్ ఫ్లైవీల్ రింగు పళ్ల మీద సమ్మెటలా పడుతుంది. కొన్నాళ్లకు పళ్లు అరిగి, ఒకచోట సెల్ఫ్ గిర్రున ఊరికే తిరుగుతుంది. రింగు మార్చాలంటే గేరుబాక్సు దించాలి, 1948 ప్లిమత్ రింగు మన బజార్లో ఎక్కడ దొరుకుతుంది? ఇంకా బల్బులన్నీ మార్చాలి, హారను, కాయిలు, పెట్రోలు ముల్లు, డైనమో, కటౌట్ (డైనమో ఛార్జింగును కలిపి విడదీసే స్విచ్చి), అన్నీ మార్చాలి. కొందరు బల్బులు మాత్రం మార్చి మిగతావి రెసిస్టర్లతో నెట్టుకొస్తారు, అవి ఒకదాని తర్వాత ఒకటి కాలుతుంటాయి. ఎనిమిది వోల్టుల బ్యాటరీ పెట్టడం ఇంకో తంటా. రోజూ రాత్రిళ్లు హైవే మీద తిరిగేవాళ్లు, మంచి లైట్లు కావాలనుకునేవాళ్లు పద్ధతిగా అన్నీ మార్చుకుంటే నేను కాదనను. ఏడాదికి రెండు ప్రదర్శనలకు, పెళ్లి ఊరేగింపుకు తీసే బండికి ఎందుకు? 2021 జులైలో కేంద్రం వింటేజీ బళ్లకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. 50 ఏళ్లు దాటిన బండికి నంబరులో వీఏ అక్షరాలు ఇస్తారు, కొత్తగా అయితే ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, రోజువారీ తిరుగుడుకు వీల్లేదు. అంత చేసి ఆ నంబరు తెచ్చుకుని, బానెట్ ఎత్తితే లోపల డైనమో బదులు నిన్నటి ఆల్టర్నేటర్ కనిపిస్తే ఏం బాగుంటుంది?

ఇక జంపర్ వైర్ల సంగతి. కొత్త కారు బ్యాటరీ పన్నెండు వోల్టులది. ఆరు వోల్టుల బ్యాటరీకి పన్నెండు వోల్టులు నేరుగా తగిలిస్తే దాంట్లోకి విపరీతమైన కరెంటు దూకుతుంది. సెల్లుల్లోంచి హైడ్రోజన్ వస్తుంది. క్లిప్పు తీసేటప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, బ్యాటరీ పేలి యాసిడ్ మొహాన పడుతుంది. అప్పుడు లైట్లు వేసి ఉంటే బల్బులన్నీ ఒక్కసారే పోతాయి. పాజిటివ్ ఎర్త్ బండి అయితే ఇంకా ఘోరం. కొత్త కార్ల పుస్తకాల్లో నల్ల క్లిప్పును ఆగిపోయిన బండి ఇంజిన్ ఇనుముకు పెట్టమని రాస్తారు. పాజిటివ్ ఎర్త్ బండిలో ఆ ఇంజినే ప్లస్. ఎర్ర క్లిప్పు ప్లస్ పోస్టు మీద, నల్ల క్లిప్పు కూడా ప్లస్ మీదే పడి, కొత్త కారు బ్యాటరీ నేరుగా షార్ట్ అయిపోతుంది. పోనీ క్లిప్పులు పోస్టుల మీదే సరిగ్గా పెట్టారనుకోండి, ఒక బండి బాడీ ప్లస్, రెండోదాని బాడీ మైనస్. రెండు బంపర్లు తగిలితే చాలు. కొత్త కారులో కంప్యూటర్ బిల్లు ఎంతవుతుందో ఆ యజమానే చెప్పాలి.

ప్రదర్శన దగ్గర బండి ఆగిపోతే మార్గాలున్నాయి. ఇంకో ఆరు వోల్టుల బ్యాటరీ డిక్కీలో ఉంచుకుని దాన్నుంచి తీసుకోవచ్చు, లేదా గేరులో వేసి తోయించుకోవచ్చు. హ్యాండిల్ రంధ్రం ఉన్న బండి అయితే హ్యాండిల్ తిప్పొచ్చు. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగాలి. పిడికిలి చుట్టి పట్టుకుంటే ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ క్లాంపు ముందు తీయాలి, బిగించేటప్పుడు ఆఖరున బిగించాలి, అది ప్లస్ అయినా మైనస్ అయినా సరే.

ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే వైర్ల లెక్క వదిలేయండి, ఎవరికైనా కావాలంటే ఆటోనగర్ వచ్చి అడుగుతారు. ఆ బాక్సులోని జంపర్ సలహాకు మాత్రం వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. ప్రదర్శనకు వచ్చే బళ్ల యజమానుల్లో చాలామంది మీ అనుబంధం కత్తిరించి డ్యాష్‌బోర్డులో పెట్టుకునే రకం.

ఇట్లు,
ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్,
పటమట, విజయవాడ.